మగ్గం ఆగితే తిరిగి చూస్తాడు

ఆ ఒక్క మాట పట్టుకుని మా ఇల్లు చాలా రోజులు ధైర్యంగా ఉంది. మా చిన్నోడికి రెండేళ్ళు దాటినా అమ్మ అని కూడా అనడం లేదని పక్కింటివాళ్ళు దీర్ఘాలు తీసినప్పుడు మా అత్త ఆ మాటే చెప్పేది. పలమనేరు నుంచి మా అమ్మ ఫోన్ చేసి "చెవులు ఒకసారి చూపించరాదా" అన్నప్పుడూ అదే చెప్పింది. "చెవులు లేకుంటే మగ్గం ఆగింది వానికి ఎట్ల తెలస్తాది వదినా? మగ్గం ఆగితే తిరిగి చూస్తాడు. నువ్వు వచ్చి చూడు కావాలంటే."

నిజంగానే తిరిగి చూసేవాడు. మాది గుడియాత్తంలో మగ్గం ఉన్న ఇల్లు. ముందు గదిలో నేలలో గుంత, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని మా మామ పొద్దున నుంచి లుంగీలు నేస్తాడు. చిన్నోడు గుంత పక్కనే చాప కూడా లేకుండా నేల మీద కూర్చుని, నూలు చుట్టే ఖాళీ కండెలతో ఆడుకుంటాడు. పోగు తెగి మామ చేయి ఆపితే చాలు, వాడు కండె వదిలేసి తల ఎత్తి తాత వైపు చూస్తాడు, ఏమైందని అడిగినట్టు. మామ నవ్వుతాడు. వాడూ నవ్వుతాడు. నేను కళ్ళారా చూసినదాన్ని. నమ్మకుండా ఎట్లా ఉంటాను?

నేను డిగ్రీ చదివాను. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాను. పలమనేరు నుంచి గుడియాత్తం ఘాటు దిగితే వచ్చే ఊరే. అయినా ఇక్కడి తెలుగులో సగం తమిళం. ఇంట్లో వాళ్ళందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నాకు మొదట కష్టమైంది మాత్రం ఆ తెలుగు కాదు. మగ్గం ఆడుతున్నంతసేపు ఈ ఇంట్లో ఎవరూ నోటితో మాట్లాడరు. అరిచినా వినపడదు గనక చేతులతో, కనుబొమలతో మాట్లాడుకుంటారు. వేళ్ళు నోటి దగ్గర పెడితే అన్నానికి రమ్మని. గడ్డం కింద చేయి తిప్పితే పెద్దాయన కోపంగా ఉన్నాడని. రెండు వేళ్ళు రాపాడిస్తే ఉప్పు అని. కొత్తలో మా అత్త వంటింట్లోంచి రెండు వేళ్ళు రాపాడిస్తే డబ్బులు అడుగుతోందనుకుని నా పర్సు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె పొయ్యి ముందే కూలబడి నవ్వింది. "కాలేజీలో ఇది నేర్పలేదా మే నీకు? రసంలో నోట్లు వేసేదా?"

నా కొడుకు ఆ సైగలన్నీ నాకంటే ముందే నేర్చుకున్నాడు. నోటి దగ్గర వేళ్ళు పెడితే పరిగెత్తుకుని వచ్చి పీట మీద కూర్చుంటాడు. గుమ్మం వైపు చూపిస్తే తాత చెప్పులు తెచ్చి పెడతాడు. "చెప్పిన పనంతా చేస్తాడు, మాట ఒకటే రావాల" అనేది మా అత్త. మగ్గం ఇళ్ళలో పిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారని వీధిలో అందరూ అనేవాళ్ళు. పగలంతా మగ్గమే మాట్లాడుతుంటే పిల్లోళ్ళకు వంతు యాడ వస్తాదని. మా ఆయనకు కూడా నాలుగేళ్ళు వచ్చేదాకా మాట రాలేదట. ఇప్పుడు తోలు కంపెనీలో సూపర్‌వైజరు, ఫోన్‌లో అతని గొంతు నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. దానికంటే సాక్ష్యం ఏం కావాలి?

మా అత్త వస కొమ్ము సానరాయి మీద అరగదీసి వాడి నాలుక మీద రాసింది. వాడు ముఖం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. "ఉమ్ము, ఉమ్ము. ఇంగ చూడు, వసపిట్ట అయిపోతాడు. వీని నోరు మూయించు అత్తా అని నువ్వే వస్తావు నా దగ్గరికి." ఆ రోజు కోసం నేను ఎంత ఎదురు చూశానో ఆమెకు తెలియదు. వాడి నోట్లో ఒకే ఒక్క శబ్దం ఉండేది. "బా." ఆకలికీ బా, కాకికీ బా, నాకూ బా. మా ఆయన దానికి కూడా నవ్వాడు. "బా అంటే కన్నడంలో రా అని కదా. కోలారు పక్కకు పోయి పుట్టాల్సినోడు, దారి తప్పి మనింటికి వచ్చినాడు."

ఒక ఆదివారం మగ్గానికి సెలవు. వంటింట్లో నా చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి గట్టు మీద పడి, అక్కడి నుంచి దొర్లి గోనెపట్టా మీద పడింది. గట్టు మీద పడినప్పుడు నా చెవులు గింగురుమన్నాయి. గడప అవతల వీపు నా వైపు పెట్టి కూర్చున్నవాడు కదలలేదు. కండెలో కండె దూర్చే పనిలో ఉన్నాడు. నేను పళ్ళెం తీసి, గట్టుకేసి మళ్ళీ కొట్టాను. కదలలేదు.

ఆ రోజు నుంచి నాకు అదొక జబ్బులా పట్టుకుంది. వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టేదాన్ని, తాళాలగుత్తి ఆడించేదాన్ని, గ్లాసు మీద చెంచాతో వాయించేదాన్ని. ఒక్కోసారి తిరిగేవాడు. అప్పుడు నా గుండె ఎగిరి గంతేసేది. మళ్ళీ వాయిస్తే తిరిగేవాడు కాదు. ఆ మొదటిసారి ఎందుకు తిరిగాడో? నా నీడ చూశాడా, గాలి తగిలిందా, నిజంగానే విన్నాడా? ఎంత ఆలోచించినా తేలేది కాదు. "ఏమి మే, ఇంట్లో గిన్నెలన్నీ సొట్టలు పెడతావా?" అని అత్త అంటూనే ఉంది. చివరికి మా ఆయన సెలవు పెట్టాడు. వేలూరులో పిల్లల చెవులు చూసే ఒక చోటికి వెళ్ళాం.

డాక్టరమ్మ తమిళంలో మొదలుపెట్టి, మేం ఇద్దరం తెలుగులో గుసగుసలాడుకోవడం విని తెలుగులోకి దిగింది. వచ్చీ రాని తెలుగు, అయినా ప్రాణం కుదుటపడింది.

"పిలిస్తే తిరుగుతాడా బాబు?"

"ఒక్కోసారి తిరగడు డాక్టరమ్మా, ఆటలో ఉంటే. మగ్గం ఆగితే మాత్రం తప్పకుండా తిరిగి చూస్తాడు" అన్నాడు మా ఆయన. ఆ మాట అతను చాలా నిబ్బరంగా చెప్పాడు.

"మగ్గం? ఇంట్లోనే తరి ఉందా? అది ఆడేటప్పుడు బాబు ఎక్కడుంటాడు?"

"పక్కనే. నేల మీద."

ఆమె లైటు వేసి వాడి చెవుల్లోకి చూసింది. వాడు గింజుకున్నాడు. తర్వాత చెప్పింది. "ఇంటికి పోయి ఒక పని చేయండి. బాబును చంకనెత్తుకోండి. కాళ్ళు నేలకు తగలకూడదు, గోడకు కూడా ఆనుకోవద్దు. అప్పుడు మగ్గం ఆపి చూడండి." అది ఎట్లా ఉన్నా ఒక పరీక్ష చేయాలనీ, దానికి బాబు నిద్రపోయి ఉండాలనీ చెప్పి ఇంకో రోజు రమ్మంది.

తిరుగు బస్సులో మా ఆయన కాట్పాడి దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ "మగ్గం ఆగితే చూస్తాడు కదా" అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

మరుసటి రోజు పొద్దున్నే వాడిని చంకనెత్తుకుని వీధి గుమ్మంలో నిలబడ్డాను, ముఖం వీధి వైపు. మామ గుంతలో కాళ్ళు పెట్టి మొదలుపెట్టాడు. పోగు లాక్కెళ్ళే నాడె అటూ ఇటూ పోతోంది. ప్రతి దెబ్బకూ నేల అదిరి నా మడమల్లోంచి మోకాళ్ళ దాకా వస్తోంది. ఆ ఇంట్లో అన్నేళ్ళు తిరిగినదాన్ని, ఆ అదురు అంతకు ముందు ఎప్పుడూ పట్టించుకోలేదు. నా చెవులు పనిచేస్తున్నాయి, నేలతో నాకేం పని?

మగ్గం ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. చిన్నోడు వీధిలో మేకను చూస్తున్నాడు.

"ఇంగోసారి" అన్నాడు మామ. నేశాడు, ఆపాడు. వాడు మేకనే చూస్తున్నాడు.

"మేకను చూస్తావుండాడు మే, అందుకే. దాన్ని తోలు" అన్నాడు. అత్త పరిగెత్తి మేకను తోలింది. మేక పోయింది. మళ్ళీ మగ్గం ఆడింది, ఆగింది. వాడు మేక పోయిన వైపే చూస్తూ "బా" అన్నాడు.

"ఇంగోసారి."

ఎన్నిసార్లు చేశామో. మామ చివరికి పోగు కూడా చూసుకోవడం లేదు, ఊరికే బాదుతున్నాడు, ఆపుతున్నాడు. నా చేయి తిమ్మిరెక్కి వాడిని గుంత పక్కన దించాను. మామ బాదాడు, ఆపాడు. వాడు వెంటనే తల ఎత్తి తాత వైపు చూసి నవ్వాడు. అన్నాళ్ళూ మేం చూసి మురిసిపోయిన నవ్వు అదే.

మామ నవ్వలేదు. గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు. "ఈ నేల చెప్తావుండాది వానికి" అన్నాడు. ఆ రోజు మళ్ళీ మగ్గం దగ్గరికి పోలేదు. వాడు పోయి తాత చొక్కా పట్టుకుని గుంత వైపు లాగాడు. ఆడించమని.

పరీక్ష రోజు వాడికి నిద్ర వస్తూ ఉండాలి, కాబట్టి తెల్లవారకముందే లేపమన్నారు, బస్సులో నిద్రపోనివ్వొద్దన్నారు. బస్సు కదిలితే చాలు నిద్రపోయే పిల్లాడు వాడు. కె.వి.కుప్పం రాకముందే తల వాల్చేశాడు. మా ఆయన అరికాలు గీకాడు. నేను తడిగుడ్డతో ముఖం తుడిచాను. వాడు ఏడ్చాడు, మళ్ళీ వాలాడు, మళ్ళీ లేపాం. ముందు సీటులో పూలబుట్ట పెట్టుకున్న ఒక పెద్దామె వెనక్కి తిరిగి తమిళంలో తిట్టడం మొదలుపెట్టింది. కొళందైని తూంగ విడమ్మా, పాపం, నిద్రపోనీరాదా, ఏం తల్లివి నువ్వు అని. ఆసుపత్రిలో పరీక్ష, అందుకే అని మా ఆయన చెప్పాడు. ఏం పరీక్ష అంది. చెవులది అన్నాడు. ఆమె గొంతు మారిపోయింది. "అట్లనా నాయనా" అంది తెలుగులో. ఆమెదీ మన మాటే. ఇక మిగిలిన దారంతా ఆమె కూడా వాడిని లేపడంలో మాకు సాయం చేసింది. ఒక చామంతి తెంపి వాడి ముక్కు దగ్గర ఆడిస్తూ "లేయ్ రా దొంగనాయనా, లేయ్ రా" అంటూ. దిగేటప్పుడు మాత్రం నా ముఖం చూడలేకపోయింది.

అక్కడికి వెళ్ళాక వాడు నిద్రపోలేదు.

నిద్ర రావడానికి తీపి మందు పట్టించారు. మంచం ఉన్న ఒక చిన్న గది. గోడలకు మెత్తని దూది పలకలు, నేల మీద తివాచీ. తలుపు వేస్తే బయటి శబ్దం ఒక్కటి కూడా రాదు. ఆ గదిలో నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. వాడు మంచం మీద కళ్ళు ఎర్రగా చేసుకుని పొర్లుతున్నాడు, ఏడుస్తున్నాడు, నుదుటికి అంటించిన తీగలు పీకేస్తున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి మంచిదే, విసుక్కోలేదు. "అమ్మా, ఇంట్లో ఎట్లా నిద్రపుచ్చుతారో అట్లానే చేయండి" అంది. ఇంట్లో నేను ఏమీ చేసేదాన్ని కాదు. వాడు మధ్యాహ్నం గుంత పక్కన నేల మీదే నిద్రపోయేవాడు. ఆ సంగతి ఆమెకు ఏమని చెప్పను? పాట పాడాను. సగం పాడి ఆపేశాను. ఎవరికి పాడుతున్నాను?

అప్పుడు మా ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పరుపు మీద పిడికిలితో కొట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా, సమంగా, మామ నేసే లెక్కలోనే. నేత వద్దని కంపెనీలో చేరిన మనిషి. లెక్క మాత్రం చేతిలో ఉండిపోయినట్టుంది. చిన్నోడు ఏడుపు ఆపాడు. చెంప పరుపుకు ఆనించాడు. కాసేపటికి కళ్ళు మూసుకున్నాడు.

"ఇక చాలు, చేయి తీసేయండి" అంది ఆ అమ్మాయి గుసగుసగా. మా ఆయన పిడికిలి గాల్లోనే ఆపి, ఎక్కడ లేస్తాడోనని అట్లాగే ఉండిపోయాడు. వాడు లేవలేదు. మందు పనిచేసింది.

చెవుల్లో చిన్న గొట్టాల్లాంటివి పెట్టి శబ్దం వదిలారు. మొదట నాకు వినిపించలేదు. పెంచుతూ పోయేకొద్దీ వాడి చెవి అంచులోంచి టిక్ టిక్ టిక్ మని బయటికి రావడం మొదలైంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నాకే వినిపిస్తోంటే వాడి చెవి లోపల ఎంత ఉండాలి? పిల్లాడు నిద్రలేవకూడదని తెల్లవారుజాము నుంచి ఇంత చేసినదాన్ని, లేవరా, ఒక్కసారి లేవరా, కనుబొమ అయినా కదిలించరా అని లోపల మొక్కుకుంటున్నాను. ఆ అమ్మాయి నా ముఖం చూసి ఉంటుంది. "లేవకపోతే వినపడనట్టు కాదమ్మా. మందు మత్తులో ఉన్నాడు. మేం చూసేది ఇక్కడ" అని తెర మీద గీతలు చూపించింది. గీతలు ఒకదాని కింద ఒకటి వంకర టింకరగా పోతున్నాయి. అందులో ఏది మంచిదో ఏది చెడ్డదో నాకు తెలియదు. సైన్సు చదివాను, గ్రాఫులు గీశాను. నా బిడ్డ గీతలు చదవడం నాకు రాలేదు.

డాక్టరమ్మ రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువగా కనిపిస్తోందంది. లోపల నీరు కూడా ఉన్నట్టుంది, అది తగ్గడానికి మందు వాడి పరీక్ష మళ్ళీ చేద్దాం, అప్పుడుగానీ ఎంత తక్కువో చెప్పలేను అంది.

"అంటే మేం మాట్లాడేది ఏమీ వినపడదా?" అని అడిగాను.

"ఇప్పుడే అట్లా చెప్పలేనమ్మా."

"కొంచెమైనా?"

"చెప్పలేను."

ఆమె దాచడం లేదు. నిజంగానే తెలియదు. ఎవరి మీదైనా కోపం వస్తే బాగుండు అనిపించింది, కోపం తెచ్చుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. మాట నేర్పే ఇంకో మేడం దగ్గరికి పంపారు. మళ్ళీ పరీక్ష చేసేదాకా ఊరికే ఉండొద్దు, వాడి ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి మాట్లాడుతూనే ఉండాలి అంది ఆమె. ఇంట్లో ఏ భాష అని అడిగింది.

"తెలుగు" అన్నాడు మా ఆయన.

"తమిళం కూడా" అన్నాను నేను.

"బయట?"

"తమిళం."

"రేపు బడిలో?"

"అదీ తమిళమే."

"కొన్నాళ్ళు ఒకటే పెట్టుకోండి. ఇంట్లో అందరూ అదే మాట్లాడాలి. ఏదనేది మీ ఇష్టం."

మీ ఇష్టం. బస్సులో మా ఆయన "అరవమే మేలేమో మే. వీళ్ళు నేర్పేది అదే, బడీ అదే" అన్నాడు. అతను చెప్పింది సబబే. తమిళంలో నేను కూరగాయలు బేరమాడగలను, బస్సు ఎక్కడికి పోతుందో అడగగలను. బిడ్డను బుజ్జగించడానికి, ఉత్తుత్తిగా కోప్పడడానికి నా దగ్గర ఉన్న మాటలన్నీ తెలుగువే. అవి వాడి దాకా పోయాయో లేదో తెలియకముందే పక్కన పెట్టమంటున్నారు.

ఇంట్లో అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. పగలంతా ఆమె పని అదే, మామ మగ్గం ఆపినప్పుడల్లా చిన్నోడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతుంది. మా ఆయన జరిగింది చెప్పాడు. ఆమె రాట్నం ఆపింది.

"అయితే నేను చెప్పిందంతా?" అంది.

మాకు అర్థం కాలేదు.

"ఇన్ని దినాలు చెప్తావుంటిని కదరా. నక్క కత, మీ నాయన నన్ను చూసేకి వచ్చి చెప్పులు మర్చిపోయిన కత. అంతా విని నవ్వుతావుండె కదా వాడు. ఒకటీ చెవిలో పడలేదా?"

"కొంచెం పడి ఉంటుంది అత్తా" అన్నాను.

"కొంచెమంటే ఎంత?"

నేను డాక్టరమ్మను అడిగిన ప్రశ్నే.

మరుసటి రోజు అత్త నోరు కట్టుకుని కండెలు చుట్టింది. రాట్నం కిర్రుమంటోంది, అంతే. ఆమె అలా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. చిన్నోడు ఎప్పటిలాగే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె నోటి వైపే చూస్తూ కాసేపు ఎదురుచూశాడు. తర్వాత లేచి ఆమె తొడ మీదికెక్కి, రెండు చేతులతో గడ్డం పట్టుకుని కిందికి లాగాడు, ఇరుక్కున్న తలుపు తెరిచినట్టు. "బా" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. వాడి చేతులు గడ్డం మీద అలాగే ఉండగా నా వైపు తిరిగింది.

"ఏ మాటలో చెప్పేది మే వీనికి? మన మాటలోనా, అరవంలోనా? చదువుకున్నదానివి కదా, చెప్పు."

నేను దోసె పోస్తున్నాను. గరిటె పట్టుకుని నిలబడ్డాను. తమిళమే అని చెప్పాల్సింది, బస్సులో అనుకున్నది అదే. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. తెలుగు అందామన్నా రాలేదు. పెనం మీద దోసె మాడుతున్న వాసన వస్తోంది. వాడు ఆమె గడ్డం ఇంకా గట్టిగా లాగుతున్నాడు.